ఫోర్డు గారి ఐదు డాలర్లు, మన అట్రిషన్ తిప్పలు

370 శాతం. ఒక కంపెనీలో ఒక ఏడాది అట్రిషన్ రేటు ఇది. అచ్చుతప్పు కాదండీ, సున్నా ఎక్కువ పడలేదు. 2021-22లో మన పెద్ద ఐటీ కంపెనీలు కొన్నింట్లో అట్రిషన్ 20 శాతం దాటితేనే హెచ్చార్ వాళ్ళకి నిద్ర కరువైంది. మరి ఈ 370 ఎక్కడిదంటారా? 1913లో అమెరికాలో, డెట్రాయిట్ పక్కనే హైలండ్ పార్కులో ఉన్న ఫోర్డు కార్ల ఫ్యాక్టరీది. సగటున 13,600 మంది పనిచేసే చోట ఆ ఒక్క ఏడాదిలో 50 వేల మందికి పైగా వెళ్ళిపోయారు. అంటే ఒక్కో ఉద్యోగంలో ఏడాదికి దాదాపు నలుగురు మనుషులు మారారన్నమాట. చిల్లు కుండలో నీళ్ళు పోయడమంటే ఇదే.

రెండేళ్ళు గడిచాక, 1915లో, అదే ఫ్యాక్టరీలో ఆ లెక్క 16 శాతానికి దిగింది.

మధ్యలో ఏం జరిగిందో మనందరికీ తెలుసనుకుంటాం. ఏ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్‌కి వెళ్ళినా ఎవరో ఒకరు ఈ కథ చెప్తారు. హెన్రీ ఫోర్డు చాలా మంచివాడు, దూరదృష్టి గలవాడు, తన పనివాళ్ళు తన కార్లే కొనుక్కోవాలని రోజు కూలీ ఒక్కసారిగా ఐదు డాలర్లు చేసేశాడు, దాంతో అందరూ సంతోషంగా ఉండిపోయారు అని. వినడానికి బాగుంటుంది. కానీ ఆ కథలోంచి మనం నేర్చుకోవాల్సిందంతా ఆ చెప్పడంలోనే జారిపోతుంది.

ముందు ఆ కార్లు కొనుక్కోవడం సంగతి తేల్చేద్దాం. మనం లెక్కలు తెలిసిన వాళ్ళం కదా. ఆ పనివాళ్ళు సుమారు 14 వేల మంది. కారు ధర 500 డాలర్ల ప్రాంతంలో ఉండేది. ప్రతి ఒక్కడూ ఒక కారు కొన్నా వచ్చేది 70 లక్షల డాలర్లు, అదీ అమ్మకం ధర, లాభం కాదు. ఐదు డాలర్ల పథకానికి కంపెనీ కేటాయిస్తామన్నది ఏడాదికి కోటి డాలర్లు. కోటి ఖర్చు పెట్టి 70 లక్షల సరుకు అమ్ముకునేంత అమాయకుడా ఫోర్డు? ఆయనే తర్వాత 1922లో వచ్చిన తన పుస్తకంలో, ఇది దానధర్మం కాదని, ఖర్చు తగ్గించుకోవడానికి తాము చేసిన పనుల్లో మేలైనదని అర్థం వచ్చేలా రాసుకున్నాడు. ఖర్చు ఎలా తగ్గిందో అర్థం కావాలంటే జనం ఎందుకు పారిపోయారో తెలియాలి.

1913కి ముందు కారు తయారు చేయడమంటే చెయ్యి తిరిగిన మెకానిక్కుల పని. ఆ ఏడాది ఫోర్డు ఇంజినీర్లు కదిలే అసెంబ్లీ లైను పెట్టారు. మొదట మాగ్నెటో అనే చిన్న భాగంతో ప్రయోగం చేశారు. ఒక మనిషి మొత్తం బిగిస్తే దాదాపు 20 నిమిషాలు పట్టేది. అదే పనిని 29 మందికి ముక్కలుగా పంచి, వరసగా నిలబెడితే ఒక్కోదానికి 13 నిమిషాలు. ఇంకా సర్దితే 5 నిమిషాలకి వచ్చింది. తర్వాత మొత్తం ఛాసిస్‌కీ అదే పద్ధతి పెట్టారు. పన్నెండున్నర గంటల పని 93 నిమిషాలకి పడిపోయింది.

ఇంజినీరు కళ్ళతో చూస్తే అద్భుతం. లైను మీద నిలబడ్డవాడి కళ్ళతో చూస్తే నరకం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే బోల్టు. పక్కవాడు నట్టు పెడతాడు, నువ్వు తిప్పుతావు, అంతే. రోజుకి తొమ్మిది గంటలు. డెట్రాయిట్ నిండా కార్ల కంపెనీలే, అందరూ ఇంచుమించు అదే కూలీ ఇస్తున్నారు. ఇక్కడ విసుగొస్తే రోడ్డు దాటి ఇంకో కంపెనీలో చేరొచ్చు. మన మాదాపూర్‌లో లాగే అనుకోండి.

ఇక్కడ నన్ను ఆపేసిన లెక్క ఒకటుంది. 1913 మార్చి ఒక్క నెలలోనే సుమారు 7,300 మంది ఫోర్డుని వదిలారు. వాళ్ళలో కంపెనీ తీసేసిన వాళ్ళు 18 శాతం. పద్ధతిగా చెప్పి మానేసిన వాళ్ళు 11 శాతం. మిగతా 71 శాతం మంది చెప్పా పెట్టకుండా రావడం మానేశారు. వరసగా ఐదు రోజులు రాకపోతే పేరు కొట్టేసేవాళ్ళు. వాళ్ళని ఫ్యాక్టరీలో "ఐదు రోజుల మనుషులు" అని పిలిచేవారు. మనం ఇప్పుడు "ఆబ్‌స్కాండింగ్" అంటున్నామే, సరిగ్గా అదే. వందేళ్ళ క్రితం పదిమందిలో ఏడుగురు అలాగే వెళ్ళారు. పదిమందిలో ఏడుగురికి సెలవని చెప్పాలని కూడా అనిపించలేదంటే లోపం వాళ్ళ క్రమశిక్షణలో ఉందా, కంపెనీలో ఉందా?

లైను పద్ధతిలో ఇంకో చిక్కుంది. పాత పద్ధతిలో ఒకడు రాకపోతే ఒక కారు ఆగుతుంది. లైను మీద ఒకడు రాకపోయినా, కొత్తవాడు తడబడినా అందరూ ఆగుతారు. అంటే టెక్నాలజీ ఎంత వేగం తెచ్చిందో, మనిషి జారిపోతే జరిగే నష్టాన్ని కూడా అంతే పెంచింది.

ఇప్పుడు కథలో అసలు హీరో వస్తాడు. ఆయన పేరు జాన్ ఆర్. లీ. బఫలో నగరంలో ఫోర్డు కొనేసిన ఒక మిల్లు నుంచి వచ్చాడు. 1913లో పనివాళ్ళ వ్యవహారాలు ఆయన చేతికిచ్చారు. మన భాషలో చెప్పాలంటే హెచ్చార్ హెడ్డు. ఆయన మొదట చేసిన పని జీతం పెంచడం కాదు, జనం ఎందుకు చిరాకు పడుతున్నారో కనుక్కోవడం. పని గంటలు, ఇంటి ఇబ్బందులు, పని చేసే చోట పరిస్థితులు ఇలా చాలా దొరికాయి. అన్నిటికన్నా పెద్దది ఫోర్‌మన్. ఆ రోజుల్లో ఫోర్‌మన్ అంటే ఆ షాపుకి రాజు. ఎవరిని తీసుకోవాలి, ఎంతివ్వాలి, ఎవరిని పొమ్మనాలి అన్నీ ఆయన ఇష్టమే. ఒకే పని చేస్తున్న ఇద్దరికి వేరువేరు కూలీ. కారణం అడిగితే ఉద్యోగానికే ఎసరు.

1913 అక్టోబరులో లీ కొన్ని మార్పులు తెచ్చాడు. 69 రకాల కూలీ రేట్లని 8కి కుదించాడు. ఏ నైపుణ్యానికి ఏ రేటో, పై మెట్టుకి వెళ్ళాలంటే ఏం నేర్చుకోవాలో ఖరారు చేశాడు. కూలీ సగటున 15 శాతం దాకా పెరిగింది. పనివాళ్ళు పొదుపు చేసుకోవడానికి, అవసరానికి అప్పు తీసుకోవడానికి ఒక సంఘం పెట్టించాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఉద్యోగం లోంచి తీసేసే అధికారాన్ని ఫోర్‌మన్ దగ్గర్నుంచి లాగేసుకున్నాడు. ఫోర్‌మన్‌కి ఒకడు నచ్చకపోతే తన విభాగం నుంచి పంపించొచ్చు, కంపెనీ నుంచి కాదు. అతన్ని ఉద్యోగాల విభాగం వాళ్ళు ఇంకో చోట వేసి చూస్తారు.

ఇవన్నీ ఐదు డాలర్ల ప్రకటనకి మూడు నెలల ముందే జరిగాయి. ట్రైనింగ్ కథల్లో మాత్రం ఈ భాగం ఎవరూ చెప్పరు.

1914 జనవరి 5న ఆ ప్రకటన వచ్చింది. తొమ్మిది గంటలకి 2.34 డాలర్ల కనీస కూలీ బదులు ఎనిమిది గంటలకి ఐదు డాలర్లు. దేశమంతా హోరెత్తిపోయింది. గేట్ల ముందు వేల మంది గుమిగూడారు. జనవరి 12న గడ్డకట్టే చలిలో తొక్కిసలాట మొదలైతే వాళ్ళ మీద ఫైరింజన్ గొట్టాలతో నీళ్ళు కొట్టారు. అట్రిషన్ మాత్రం 1914లో 54 శాతానికి, 1915లో 16 శాతానికి దిగింది. గైర్హాజరీ కూడా బాగా తగ్గింది.

ఇందులో ఐదు డాలర్ల వాటా ఎంత, లీ మార్పుల వాటా ఎంత అని చరిత్రకారులు, ఎకానమిస్టులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పైగా 1914లో అమెరికాలో మాంద్యం, బయట ఉద్యోగాలు తక్కువ. ఉన్న ఉద్యోగం వదలడానికి ఎవరైనా జంకుతారు. 2023-24లో మన ఐటీ కంపెనీల్లో అట్రిషన్ తగ్గినప్పుడు "మా ఎంగేజ్‌మెంట్ ప్రోగ్రాం వల్లే" అని స్లైడ్లు వేసుకున్న మేనేజర్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే మంచిది. బయట వాన పడుతున్నప్పుడు అరుగు మీద ఆగినవాడు మన అరుగు మీద ప్రేమతో ఆగినట్టు కాదు.

ఇప్పుడు ఐదు డాలర్లలోని తిరకాసు చూద్దాం. అది మొత్తం జీతం కాదండీ. సగానికి పైగా "లాభాల్లో వాటా". అంటే మన వేరియబుల్ పే. అది రావాలంటే ఆరు నెలల సర్వీసు ఉండాలి, మగవాళ్ళలో పెళ్ళికాని కుర్రాళ్ళకి 22 ఏళ్ళు నిండాలి. ఆడవాళ్ళకి మొదట్లో ఆ వాటా లేదు, 1916లో వర్తింపజేశారు. వీటన్నిటికీ పైన ఇంకో షరతు, "సరిగ్గా బతుకుతూ ఉండాలి". ఆ సంగతి తేల్చడానికి సోషలాజికల్ డిపార్ట్‌మెంట్ అని ఒకటి పెట్టారు. దాని మనుషులు ఇళ్ళకి వచ్చి తాగుతున్నాడా, డబ్బు దాస్తున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా, ఇంట్లో అద్దెకి ఎవరినైనా పెట్టుకున్నాడా అని ఆరా తీసేవాళ్ళు. పాస్ అయితే ఐదు డాలర్లు, ఫెయిలైతే పాత కూలీయే. పనివాళ్ళలో ఎక్కువమంది యూరప్ నుంచి వలసొచ్చినవాళ్ళు. నోరెత్తి అడిగే స్థితిలో లేరు.

డబ్బు అవసరం కాబట్టి భరించారు. అయితే ఆ డబ్బు విలువ నిలవలేదు. 1914 నుంచి 1920కి అమెరికాలో ధరలు రెట్టింపయ్యాయి. 1919లో ఫోర్డు కనీస కూలీ ఆరు డాలర్లు చేసినా, పాత లెక్కలో అది మూడు డాలర్లకి కాస్త అటూ ఇటూ. ఇతర కంపెనీలూ కూలీలు పెంచేశాయి. లీ వెళ్ళిపోయాడు. ఆయన తర్వాత ఆ విభాగం చూసిన శామ్యూల్ మార్క్విస్ అనే మతాచార్యుడు 1921లో తప్పుకున్నాడు, ఆ విభాగం కూడా అంతటితో ముగిసినట్టే. లైను వేగం పెంచుతూ పోయారు. పనివాళ్ళ వ్యవహారాలు క్రమంగా హ్యారీ బెన్నెట్ అనేవాడి "సర్వీస్ డిపార్ట్‌మెంట్" చేతికి వచ్చాయి. పేరు సర్వీసే గానీ చేసింది గూఢచర్యం, గూండాగిరీ. 1937 మే 26న యూనియన్ కరపత్రాలు పంచడానికి వచ్చిన వాల్టర్ రూథర్‌ని, ఆయన సహచరులని పత్రికా ఫొటోగ్రాఫర్ల కళ్ళముందే చితకబాదారు. జనరల్ మోటార్స్, క్రైస్లర్ 1937లోనే యూనియన్‌తో ఒప్పందానికి వస్తే ఫోర్డు 1941 దాకా మొండికేసి, సమ్మె జరిగాక గానీ దిగిరాలేదు.

ఒకప్పుడు ఉద్యోగం కోసం జనం గేట్లు విరగ్గొట్టిన కంపెనీయే చివరికి ఈ గతికి వచ్చింది. కూలీ మిగిలింది, మర్యాద మిగల్లేదు.

ఇందులో టీములు నడిపేవాళ్ళకి పనికొచ్చేవి నాకు మూడు కనిపిస్తున్నాయి.

ఒకటి, వెళ్ళేవాళ్ళని కేవలం లెక్కపెట్టకండి, విడదీసి చూడండి. ఎవరు చెప్పి వెళ్ళారు, ఎవరు చెప్పకుండా వెళ్ళారు, ఏ మేనేజరు కింద నుంచి వెళ్ళారు? ఎగ్జిట్ ఇంటర్వ్యూలో "బెటర్ ఆపర్చునిటీ" అని రాసేవాడు నిజం చెప్తున్నాడని నమ్మకండి. రిలీవింగ్ లెటర్ చేతికి రావాలి కదా పాపం.

రెండు, హైకు కన్నా ముందు ఫోర్‌మన్ సంగతి చూడండి. రేటింగు, ప్రమోషను, ప్రాజెక్టు మార్పు, చివరికి సెలవు కూడా ఒకే మనిషి ఇష్టం మీద ఆధారపడితే అక్కడ పొమ్మనక్కర్లేదు, పొగ దానంతటదే పుడుతుంది. నచ్చనివాడిని వేరే టీముకి పంపే దారి ఉంచండి. ఒకే పనికి ఒకే రేటు ఉంచండి. పదేళ్ళ పాత ఉద్యోగి కన్నా నిన్న చేరినవాడికి ఎక్కువ ఇచ్చి, ఆ సంగతి పాతవాడికి తెలియదనుకోవడం మేనేజర్లు మాత్రమే నమ్మే విషయం.

మూడు, జీతం ఇచ్చాం కాబట్టి జీవితం మీద హక్కు వచ్చిందనుకోకండి. ఇంటి నుంచి పనిచేసేవాడి మౌస్ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్లు చూస్తుంటే, వందేళ్ళ క్రితం ఇంటి తలుపు తట్టి పాస్‌బుక్ అడిగినవాళ్ళే గుర్తొస్తున్నారు. ఇప్పుడు తలుపు తట్టే మర్యాద కూడా లేదు.

డబ్బు అక్కర్లేదని నేననడం లేదు. ఫోర్డు కథలో డబ్బు బాగానే పనిచేసింది. కానీ ఇవాళ మీరిచ్చే 30 శాతం హైకుకి ఎదురింటి కంపెనీ రేపు 35 ఇవ్వగలదు. ఒక మంచి మేనేజరుని, న్యాయంగా కనిపించే ఒక పద్ధతిని మాత్రం రాత్రికి రాత్రి కాపీ కొట్టలేదు. లీ చేసిన పనులు ప్రకటనలో రాసుకోవడానికి పనికిరావు, అందుకే వాటి గురించి ఎవరూ చెప్పరు. మీ టీములో ఈసారి ఎవరైనా పేపర్లు వేస్తే, కౌంటర్ ఆఫర్ లెటరు టైపు చేసే ముందు అతను ఏ ఫోర్‌మన్ కింద పనిచేశాడో ఒక్కసారి చూడండి. ఆ ఫోర్‌మన్ మీరే అయితే మరీ శ్రద్ధగా చూడండి.