పొగబండి మరచిపోతే ఎట్లా?

పొగబండి అంటే నేటి పిల్లలకు పుస్తకంలోని బొమ్మ. మాకు మాత్రం నంద్యాల స్టేషను. అవుకు నుండి రైలెక్కాలంటే అప్పట్లో బస్సు పట్టుకొని నంద్యాలకో, పాణ్యానికో పోవలసిందే. "తల బయట పెట్టొద్దురా, కంట్లో బొగ్గు నలుసు పడుతుంది" అని పెద్దలు చెబుతూనే వుండేవారు. మేము పెడుతూనే వుండేవాళ్ళం. ఇల్లు చేరేసరికి తెల్లచొక్కా మసిగుడ్డయ్యేది.

ఆ దారి వేడుకకు వేసినది కాదు. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాది జనం మాడిపోయారు. ధాన్యమున్న చోటి నుండి లేని చోటికి చేర్చే సౌకర్యం చాలకపోవడం కూడా అందుకొక కారణం. ఆ తర్వాతనే కరువు ప్రాంతాలకు రైలుదారులు వేయాలని తలపెట్టారు. గుంతకల్లు నుండి ద్రోణాచలం, నంద్యాలల మీదుగా నల్లమల దాటించి కృష్ణాతీరానికి వేసిన మీటరుగేజి దారిని 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ నడిపింది. నల్లమలలోని బొగద సొరంగం, దొరబావి వంతెన ఆ కాలపు పనులే. ఆ రాళ్ళు మోసిన కూలీల పేర్లు మాత్రం ఎక్కడా చెక్కలేదు. ఆ కంపెనీ 1908లో మద్రాసు రైల్వేతో కలిసింది. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడింది.

మన పెద్దల హజ్ యాత్రకు కూడా ఈ బండే తొలిమెట్టు. నంద్యాలలో ఎక్కి, గుంతకల్లులో దిగి, మూటాముల్లె మోసుకొని బొంబాయి పెద్దబండి ఎక్కాలి. అక్కడి నుండి ఓడ. సాగనంపడానికి వచ్చినవాళ్ళు పొగ కనుమరుగయ్యేదాకా నిలబడేవారు.

ఇంజను చూడముచ్చటే గాని దానిలో పని కష్టమైనది. ఫైర్‌మన్ పారతో బొగ్గు వేస్తూనే వుండాలి. మన ఎండాకాలంలో ఆ కొలిమి ముందు నిలబడడమంటే మాటలా? నీళ్ళు ఆవిరై, ఆవిరి పిస్టనును తోసి చక్రాన్ని తిప్పేది. కాని బొగ్గు వేడిలో పదోవంతు కూడా పనికి వచ్చేది కాదు. తక్కినదంతా గాలిపాలు. అందుకే డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చాయి. చిత్తరంజన్ కర్మాగారంలో చివరి ఆవిరి ఇంజను, మీటరుగేజిదే, 1972లో తయారైనది. 1990లలో మన దారి బ్రాడ్‌గేజి అయినప్పుడు దొరబావి వంతెనను వదిలి కొత్తదారి వేశారు. పాత రాతిస్తంభాలు అడవిలో మిగిలాయి.

2016లో నంద్యాల-ఎర్రగుంట్ల దారి తెరిచారు. బనగానపల్లె, కోవెలకుంట్లలకు రైలు వచ్చింది. సంతోషమే. కాని అది వచ్చేసరికి పొగబండి కాలం చెల్లిపోయింది. మన పొలాలు ఆవిరి ఇంజను కూత విననేలేదు.

డార్జిలింగు, నీలగిరి చిన్నబండ్లకు యునెస్కో గుర్తింపు వచ్చింది. రేవాడిలో పాత ఇంజన్లను నడిచే స్థితిలో కాపాడుతున్నారు. మనం అంత చేయలేకపోవచ్చు. మన ఇళ్ళలో రైల్వే పని చేసిన పెద్దలున్నారు, ఆ బండిలో హజ్‌కు పోయినవారి బిడ్డలున్నారు. వారి పక్కన కూర్చొని అడగండి, రాసుకోండి. తాతగారి చేతిలాంతరు అటకపై వుంటే పాతసామాను వానికి తూకానికి వేయకండి. కూలీల పేర్లు ఎవరూ రాయలేదని ఇప్పుడు చింతిస్తున్నాం. మన పెద్దల పేర్లు మనం రాయకపోతే ఆ తప్పు ఎవరిది?