బొంబాయి మిల్లులలో మన నేతగాండ్రు

బొంబాయిలో తొలి నూలుమిల్లు 1856లో పని ఆరంభించినది. పిదప తెలంగాణమునుండి మన పద్మశాలీలు అనేకులు అచటికి పోయి మిల్లు మగ్గములకడ నిలిచిరి. అందు 'పర్మనెంటు' అనిపించుకొనుట చిన్న సంగతి కాదు. బద్లీ పనివాడు ప్రతిదినము గేటువద్ద కాచుకొనవలెను. పర్మనెంటువానికి ఎనిమిదిగంటల పని, ప్రావిడెంటు ఫండు, కిరాణా అంగట అరువు. మధ్యతరగతి యని మనము తలచునది ఇంచుమించు ఇదియే కదా!

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకు దిగిరి. ఆ సమ్మెను విరమించినట్లు ప్రకటన ఏనాడును వెలువడలేదు. వేలాదిమందికి పని మరల దొరకలేదు. కొందరు స్వగ్రామములకు మరలిరి. కొందరు భివండి మరమగ్గములు చేరిరి. నేత అదియే, పని మాత్రము పన్నెండుగంటలు, ఫండు మాట లేదు. ఇల్లాండ్రు కుట్టుపనికి, పరుల యిండ్ల పాచిపనికి పూనుకొనిరి. ఊరికి వ్రాసిన ఉత్తరములలో ఈ సంగతి ఎందరు తెలిపిరో!

మొదట పాత్రసామాను, పిమ్మట బంగారము అమ్ముడుపోయినవి. చాల్‌లోని ఒంటిగదిని మాత్రము పెక్కుమంది విడువలేదు. అద్దె స్వల్పము, పిల్లల బడి దాపుననే యుండెను.