ఆకుకు ముందొచ్చిన పొగగొట్టం

ఒంగోలు నుంచి కొండపి వైపు వెళ్తున్నా, టంగుటూరు నుంచి కందుకూరు వైపు వెళ్తున్నా పొలాల మధ్య కిటికీలు లేని ఇటుక గదులు నిట్టనిలువుగా కనిపిస్తాయి. రెండంతస్తుల ఎత్తు, ఒకే తలుపు, గోడ అడుగున పొయ్యి నోరు, కప్పును దాటి పైకి లేచిన గొట్టం. కొత్తవాళ్లు పాడుబడ్డ గోదాములనుకుంటారు. జనవరి, మార్చి నెలల మధ్య ఒక రాత్రిపూట అటు వెళ్తే ఆ అనుమానం తీరిపోతుంది. పొయ్యి నోట్లో ఎర్రగా మంట, పక్కన నులకమంచం, దాని మీద నడుం వాల్చినా కన్ను మూయలేని రైతు. అది వర్జీనియా పొగాకు బ్యారన్. పల్లెటూళ్లో ఒక కుటుంబం సొంతంగా కాచుకునే పొయ్యిల్లో ఇంతకంటే పెద్దది ఉండదు.

ఈ నేల మీద పండే మిరపకు పొయ్యితో పనిలేదు. కోసిన కాయను కల్లంలో పరిచి రెండు వారాలపాటు ఎండకు వదిలేస్తే సరి. పత్తికి అదీ అక్కర్లేదు. నాటు పొగాకు కూడా ఎండలో ఆరేదే. సిగరెట్టుకు కావాల్సిన నిమ్మపండు రంగు వర్జీనియా ఆకు మాత్రం ఎండకు లొంగదు. దానికి చీకటి గదిలో, గంట గంటకూ లెక్క చూసుకుంటూ పెంచే వేడి కావాలి. ఆ వేడి పొగ లేనిదై ఉండాలి. పొగ తగిలిందా, ఆకు రుచీ రంగూ పోయినట్టే.

పొగ తగలని సెగ అనే ఆలోచన పుట్టింది అమెరికాలో. నార్త్ కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో 1839లో జరిగిందని చెప్పుకునే కథ ఒకటుంది. అబైషా స్లేడ్ అనే తోటల యజమాని దగ్గర స్టీఫెన్ అనే నల్లజాతి బానిస ఉండేవాడు. కమ్మరం పనీ, రాత్రిళ్లు ఆకు కాచే పనీ అతనిదే. ఒక రాత్రి కునుకు పట్టి లేచేసరికి కట్టెలు ఆరిపోవచ్చాయి. యజమాని చూస్తే ఏమవుతుందోనన్న భయంతో పరుగున వెళ్లి, కొలిమి దగ్గరి బొగ్గులు తెచ్చి వేశాడు. బొగ్గుకు పొగ లేదు, సెగ మాత్రం ఒక్కసారిగా లేచింది. ఆకు మునుపెన్నడూ చూడని పసుపు రంగులో పండింది. లాభం స్లేడ్‌కు పోయింది, స్టీఫెన్ పేరు చాలాకాలం ఎవరికీ పట్టలేదు. బొగ్గు చేయడం ఖర్చుతో కూడిన పని కాబట్టి అంతర్యుద్ధం తర్వాత మరో దారి స్థిరపడింది. పొయ్యి నోరు గోడ బయటికి పెట్టి, మంటను రేకు గొట్టాల్లోకి పంపి, ఆ గొట్టాలను గది లోపల నేలకు కాస్త ఎత్తులో చుట్టూ తిప్పి, చివరికి పొగను కప్పు దాటించి వదిలేయడం. గొట్టం వేడెక్కి గదిని కాస్తుంది, పొగ ఆకు మొహం చూడకుండానే వెళ్లిపోతుంది.

గుంటూరుకు ఇది కంపెనీ వెంట వచ్చింది. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది, జనం నోట్లో ఐఎల్‌టీడీ. చీరాలలో దాని పెద్ద ఫ్యాక్టరీ ఆ ఊరి ముఖాన్నే మార్చేసింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో బ్రిటన్ తన సామ్రాజ్య దేశాల పొగాకుకు సుంకంలో తగ్గింపు ఇచ్చింది. అమెరికా ఆకు కంటే గుంటూరు ఆకు చవకగా లండన్ చేరే వీలు దొరికింది. 1920లో గుంటూరు నల్లరేగడిలో వర్జీనియా విత్తనం పడింది, 1928 నుంచి బ్యారన్లలో ఆకు కాచడం వ్యాపార స్థాయికి చేరింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చాయి. తర్వాతి కాలంలో రేగడి భూముల్లో మిరపా పత్తీ పుంజుకున్నాయి, పొగాకు బరువు పడమటి తేలిక నేలల మీదికి జరిగింది. బ్యారన్ అంటే ఇప్పుడు ముందుగా గుర్తొచ్చేది ప్రకాశం జిల్లా.

లోపలికి తొంగిచూస్తే పని ఇలా నడుస్తుంది. పచ్చాకును కర్రలకు అల్లి, ఆ కర్రలను గది అడుగు నుంచి కప్పు దాకా వరసలు వరసలుగా వేలాడదీస్తారు. తలుపు మూసి పొయ్యి రాజేస్తారు. మొదట 90 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, గదిలో తేమ పోనివ్వకుండా, ఒకటిన్నర రోజుకు అటూఇటూగా ఆకును పండబెడతారు. ఆకు పచ్చదనం విరిగి పసుపు తేలాక వేడిని మెల్లగా పెంచుతూ కింది, పై వెంటిలేటర్లు తెరుస్తారు, తేమ బయటికి పోతుంది. ఆఖర్న 160 డిగ్రీల దాకా తీసుకెళ్లి ఈనె ఆరబెడతారు. ఈనె వంచితే ఫెళ్లున విరగాలి. తొందరపడి మంట ఎక్కువ పెడితే పచ్చ రంగు అలాగే నిలిచిపోతుంది, తేమ పోనివ్వకుండా తాత్సారం చేస్తే ఆకు నల్లబారుతుంది. ఐదారు రోజుల కాపలా అంతా ఈ రెండింటి మధ్యనే. ఒక కర్ర జారి వేడి గొట్టం మీద పడితే అంతే సంగతులు. ఏటా సీజన్లో పేపర్లో జిల్లా పేజీకి ఎక్కే ‘బ్యారన్ దగ్ధం’ వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఆ ఒక్క కర్రే.

ఇక కట్టెల లెక్క. కిలో ఆరిన ఆకు రావాలంటే సుమారు ఏడు కిలోల పచ్చాకు కావాలి. అంటే ఆరు కిలోల నీళ్లు ఆవిరి కావాలి. కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కిలోకేలరీలు చొప్పున మొత్తం 3,500కు అటూఇటూ. బాగా ఎండిన కట్టె ఒక కిలో ఇచ్చే వేడి కూడా ఇంచుమించు అంతే. కాగితం మీద కిలో ఆకుకు కిలో కట్టె చాలన్నమాట. మామూలు బ్యారన్ మాత్రం నాలుగైదు కిలోలు మింగుతుంది. తేడా అంతా ఎటు పోయింది?

కొంత గొట్టంలోంచే పోయింది. పొయ్యిలోకి గాలి విపరీతంగా లాగితే మంట నిలబడి కాలదు, గొట్టాలను తాకీతాకకుండా ఉరికి ఆకాశంలో కలుస్తుంది. రైతు మాత్రం మంట జోరుగా ఉందని సంబరపడతాడు. లాగుడు తగ్గితే పొగ వెనక్కి తిరిగి పొయ్యి నోటి నుంచి మొహాన కొడుతుంది. కొంత వేడి పచ్చికట్టెలోని నీళ్లు మరగబెట్టడానికే సరిపోయింది. గొట్టాల లోపల మసి పేరుకుంటే మంట ఎంతున్నా గదికి సెగ అందదు, మసి అంత గట్టి అడ్డు. తుప్పు పట్టి చిల్లులు పడిన గొట్టంతో ఇంకో బాధ. ఏ పొగ ఆకుకు తగలకూడదని ఇంత ఏర్పాటు చేశారో ఆ పొగే లోపలికి దూరుతుంది, నిప్పురవ్వ కూడా.

అన్నిటికంటే పెద్ద దొంగ పైకప్పు. వేడిగాలి ఎక్కడ చేరుతుందో అక్కడే రేకో పెంకో పలచగా ఉంటుంది. సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంటే, ఆ ఖాళీ పూడ్చడానికి తలుపు కింది సందులోంచీ గోడ బీటల్లోంచీ చలిగాలి లోపలికి ఈడ్చుకొస్తుంది. వెలిగించిన అగరుబత్తి తలుపు అంచున పట్టుకుంటే పొగ లోపలికి వంగడం కంటికే కనిపిస్తుంది. అందుకే తెలిసిన రైతులు సీజను ముందు పొయ్యి కంటే ముందు గోడ చూస్తారు. బీటలకు మట్టి మెత్తుతారు, తలుపు అంచుకు గోనెపట్టా బిగిస్తారు, కప్పు కింద వరిగడ్డి మందంగా పరుస్తారు, స్తోమతున్నవాళ్లు గాజుదూది వేయిస్తారు. వెంటిలేటర్లను ఏ గంటకు తెరవాలో ఎంతసేపు ఉంచాలో తెలియడం ఇంకో ఎత్తు. ఈనె ఆరే దశలో లోపల తేమ మిగిలి ఉండేది కొంచెమే. అయినా కింది వెంటిలేటర్లు బార్లా తీసి ఉంచే బ్యారన్లు తక్కువేం కాదు. ఎవరో మొదట్లో తెరిచారు, మళ్లీ మూయడం మరిచారు.

చలిదేశాల ఇళ్లలో వేడి ఇలా బయటికి పోయే గొడవ బ్యారన్ పుట్టకముందు నుంచే ఉంది. అక్కడి గోడపొయ్యి గది గాలినే పీల్చి పొగతోపాటు గొట్టంలోంచి బయటికి పంపేది. మంట ముందు కూర్చున్నవాడికి మొహం కాలేది, వీపు గడ్డకట్టేది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1744లో తన పెన్సిల్వేనియా పొయ్యి గురించి వేసిన చిన్న పుస్తకంలో ఈ తిప్పలన్నీ ఏకరువు పెట్టాడు. ఇనుప పెట్టెలో మంటపెట్టి, పొగను వంకర దారిలో తిప్పి, దాని వేడిని గదిలోనే దింపాలన్నది ఆయన ఉపాయం. 1796లో కౌంట్ రంఫర్డ్ ఇంకా తేలికైన మార్గం చూపించాడు. గొట్టం గొంతు ఇరుకు చెయ్యండి, పొయ్యి లోతు తగ్గించండి, పక్కగోడలు గదివైపు వాలేట్టు కట్టండి అన్నాడు. నాలుగు ఇటుకలు పేర్చితే అయ్యే పని. లండన్లో ఆయన చేత పొయ్యిలు బాగుచేయించుకోని పెద్దింటివాళ్లు చిన్నబుచ్చుకునేంత మోజు పుట్టింది. బ్యారన్ చేసిన తెలివైన పని ఒక్కటే, పొయ్యి గాలిని బయటి నుంచే తీసుకుని గది గాలితో దానికి పొత్తు లేకుండా చేయడం.

ఇక్కడే కాస్త ఆగి, బ్యారన్‌కు వంద గజాల దూరంలో ఉన్న ఇంటివైపు చూడాలి. 1928 నాటికే ఆకుకు పొగ తగలకూడదని గొట్టం వచ్చింది. అదే దొడ్లో వంటింట్లో ఊదుగొట్టం పట్టుకుని కళ్లు నులుముకుంటున్న ఆడమనిషికి రాలేదు. ఆకుకు లండన్లో ధర ఉంది మరి. వేడిని పొదుపు చేయడం ఆమెకు తెలియక కాదు. దాలిగుంటలో పిడకల నిప్పు మీద పాలకుండ పెట్టి, బూడిద కప్పి, మీగడ ఎర్రబారేదాకా పూటంతా కాచడంలో ఉన్న పొదుపు ఏ ఇంజనీరుకూ తీసిపోదు. పెద్దపొయ్యి వెనక చిన్నపొయ్యి కట్టి, మిగులు సెగ మీద పులుసు పెట్టడమూ ఆ నేర్పే. లేనిదల్లా పొగ బయటికి పోయే దారి.

ఆ దారి వేయబూనినవాళ్లలో ఒకరు హైదరాబాద్‌లో తేలారు. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధన ప్రయోగశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు కోట్లమందికి పొగలేని వంటిళ్లు కావాలంటూ 1953లో ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం వెలువరించారు. ప్రయోగశాల పేరు మీదే ‘హెర్ల్ చుల్లా’ అని పేరు పడిన ఆయన పొయ్యి ఇంటి మట్టితోనే కట్టేది. పైన మూతలా మూసిన గట్టు, అందులో కుండలు దిగేలా రంధ్రాలు, మంట ఒక కుండ కింది నుంచి ఇంకో కుండ కిందికి పాకి గొట్టం చేరుతుంది. గొట్టం దగ్గర డ్యాంపర్ అనే ఇనుప పలక. దాన్ని లోపలికీ బయటికీ జరిపితే లాగుడు తగ్గీ పెరిగీ అవుతుంది. బ్యారన్ రైతు చేసే పనే ఇది, అరచేయంత పలకతో. అంతకు ముందే వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల సంఘంవాళ్లు మగన్ చుల్లా రూపొందించారు. 1980లలో బెంగళూరు ఐఐఎస్సీలోని ‘అస్త్ర’ బృందం మూడు కుండల పొయ్యిని తీర్చిదిద్దింది.

తర్వాత కథ ప్రభుత్వ పథకాలది. 1983లో మొదలైన జాతీయ పొయ్యిల కార్యక్రమం దేశమంతటా కోట్లలో పొయ్యిలు పంచి 2002లో ఆగిపోయింది. కట్టడం సులువే, కట్టాక గొట్టంలో మసి దులపడానికి ఎవరూ రాలేదు. రంధ్రానికి సరిపోని కుండ పెడితే పక్కల నుంచి పొగ లేస్తుంది, వానకు గొట్టం కూలితే మళ్లీ పెట్టే తాపీవాడు దొరకడు. మన పక్క ఒడిశాలో వేలాది ఇళ్లకు గొట్టం పొయ్యిలిచ్చి, తర్వాత ఏళ్ల తరబడి గమనించిన ఆర్థికవేత్తలకు కనిపించిందీ అదే: మొదటి ఏడు పొగ తగ్గింది, మరమ్మతు లేక ఆ లాభం నిలవలేదు. బ్యారన్ గొట్టం అలా చెడలేదు. చెడితే ఆ వారం పంట పోతుంది కాబట్టి రైతే నిచ్చెనెక్కుతాడు.

కట్టె కూడా మారుతూ వచ్చింది. ఒకప్పుడు బ్యారన్లకు సింగరేణి బొగ్గు దిగేది. ఇప్పుడు జామాయిలు, సుబాబుల్, సర్కారు తుమ్మ, వేరుశనగ పొట్టు. పత్తికట్టె పలచన, గబగబా కాలిపోతుంది, కూర్చున్నచోటు నుంచి లేవనివ్వకుండా ఎగదోస్తూ ఉండాలి. మిరపకట్టెదీ అదే తీరు. అయినా పత్తికట్టెను ఇంటి ముందు వామిగా వేసి వేసవంతా ఉంచుకోవద్దని వ్యవసాయ శాఖ మొత్తుకునేది కాల్చే పద్ధతి నచ్చక కాదు, మిగిలిపోయిన కాయల్లో గులాబీ పురుగు దాక్కుని వచ్చే పంట మీద పడుతుందని.

చివరికి వంటింటికి గొట్టం రాకముందే సిలిండర్ వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లు మొదలయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా పొగాకు రైతులకు గ్యాస్‌తో చిక్కొచ్చి పడింది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ ఇంజనీర్లు 1960 ప్రాంతంలో రూపొందించిన ఫ్యాన్ల బ్యారన్లలో వాళ్లు గ్యాస్ మంటను నేరుగా గది గాలిలోకే వదిలేవారు. పొగ కనిపించదు కదా, గొట్టాలెందుకని. గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు ఆకులో కేన్సర్ కారక నైట్రోసమైన్లను పెంచుతున్నాయని తేలింది. 2000 ప్రాంతంలో కంపెనీలు పట్టుబట్టి వేల బ్యారన్లకు మళ్లీ మంటకూ ఆకుకూ మధ్య ఇనుప గొట్టాలు బిగించాయి. కొండపి రైతు బ్యారన్‌లో అవి తీసిందెన్నడూ లేదు.