బందరుకి ఓడ వస్తే

బందరు అంటేనే రేవు. 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ వర్తకశాల పెట్టింది మన నేతబట్టల కోసం, అద్దకాల కోసం. 1864 నవంబరు ఉప్పెన ఒక్క రాత్రిలో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. రేవు మేటవేసి పెద్ద ఓడలు దూరానే ఆగేవి, వర్తకం తరలిపోయింది. మన పిల్లలూ అంతే, చదువు కాగానే గుడివాడ మీదుగా రైలెక్కేస్తారు.

కొత్త రేవుకి 2008లో, 2019లో, 2023లో ముమ్మారు శంకుస్థాపన అయింది. మా వీధిలో పెళ్ళిచూపుల్లో కూడా "పోర్టు వస్తే అబ్బాయి ఇక్కడే ఉంటాడండీ" అంటారు. రావాలి, ఓడ రావాలి! కాని 1977 నవంబరులో దివిసీమను ముంచిన సముద్రమూ ఇదేనమ్మా. భూమి ఇచ్చిన ఇంటికి ఉద్యోగం, జాలరి పడవకి చోటు, తీరాన మడచెట్ల కాపు ఉంటేనే అది మన రేవు.