పెండ్లి ఋతువులు

మాఘమాసము ప్రవేశించినది మొదలు మన యూళ్లలో సన్నాయి వినబడని దినము లేదు. ఇట్టి సమయమున నొక గృహిణి మాకు జాబు వ్రాసినది. తన కొమార్తెకు వైశాఖమున వివాహము నిశ్చయమైనదట. అలంకారములు చేయువారు వచ్చి, ఋతువునకు తగిన శోభ యని పేరు పెట్టి, వేసవికి లేతరంగుల తెరలును, విమానములమీద దిగు విదేశపుష్పములును, అద్దాల మండపమును గల యొక పట్టిక చూపిరట. ఆ పట్టికలోని మొత్తము పిల్ల పైచదువునకై దాచిన సొమ్మునకు సరిగా సరిపోయినదట. “సంస్కరణము కోరు మీవంటివారు వేడుకయే వలదందురు. పిల్ల వేడుక కావలెననుచున్నది. మన పెద్దలు ఏ ఋతువున ఏ వేడుక చేసిరో, అందులో నిలుపదగినదేదో, విడువదగినదేదో చెప్పుడు” అని యామె యడిగినది. ప్రశ్న చిన్నదిగా గనబడినను, ప్రత్యుత్తరమునకై మనము చాల వెనుకకు పోవలసియున్నది.

పెండ్లికి తగిన ఋతువు ఏది? పంచాంగమునకు పూర్వమే గృహ్యసూత్రములు ఈ ప్రశ్న వేసికొన్నవి. ఆశ్వలాయనుడు ఉత్తరాయణమును, శుక్లపక్షమును, శుభనక్షత్రమును చెప్పి, వెంటనే కొందఱి మతమున వివాహమునకు ఎల్లకాలములును తగినవే యని చేర్చెను. ఆపస్తంబుడు ఇంకను స్పష్టముగా మాటాడెను. అన్ని ఋతువులును వివాహమునకు యోగ్యములే. శిశిరములోని రెండు మాసములను, గ్రీష్మములోని కడపటి మాసమును మాత్రము విడువవలెను. శిశిరములోని రెండు మాసములనగా మాఘఫాల్గుణములు! తెలుగుదేశమునందలి వైదిక కుటుంబములలో పెక్కు ఆపస్తంబసూత్రమునే అనుసరించునవి. ఆ కుటుంబములలోనే నేడు మాఘఫాల్గుణములకు మించిన పెండ్లిమాసములు లేవు. సూత్రకారుడు వలదన్న మూడు మాసములలో ఆషాఢమొక్కటియే నిషిద్ధముగా నిలిచినది. తక్కిన రెండును ఉత్తమములైనవి. తరువాతి ముహూర్తగ్రంథములు మాఘ ఫాల్గుణ వైశాఖ జ్యేష్ఠములను శుభములనియు, కార్తిక మార్గశీర్షములను మధ్యమములనియు నిర్ణయించినవి. పూర్వాచారమును వెండ్రుకవాసియైనను కదల్పరాదని మనతో వాదించు పెద్దలు ఈ మార్పును ఎన్నడును గమనించినట్లు లేదు. కదల్చినవారు వారి ముత్తాతలే.

ఏల కదల్చిరి? మాకు తోచిన కారణము పంచాంగములో లేదు, కళ్లములో నున్నది. మార్గశిర పుష్యములలో సార్వా పంట కోతయై, కుప్పనూర్పులై, ధాన్యము గాదెలకు చేరును. శిస్తు చెల్లించి, అప్పు కొంత తీర్చి, చేతిలో నాలుగు రూకలు మిగులునది మాఘముననే. క్రొత్తబెల్లమును, క్రొత్తపసుపును అప్పుడే యింటికి వచ్చును. ఎడ్లకు పనిలేదు గనుక బండ్లు దొరకును, బాటలు ఎండియుండును. ఆషాఢములో నన్ననో నారుమళ్లు, నాట్లు. ఆ దినములలో ఒక మనుష్యుని అయిదుదినములు పందిటిక్రింద కూర్చుండబెట్టుట యనగా ఆ యేటి పంటను నీళ్లలో విడుచుటయే. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో నారంభమై 1852లో ముగిసినది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. కాలువలు పాఱిన పిమ్మట గోదావరీ కృష్ణామండలములలో పంట నిలుకడ పొందినకొలది మాఘఫాల్గుణముల పెండ్లిండ్ల వైభవమును పెరిగెనని మా తలంపు. ముహూర్తమును బ్రాహ్మణుడు పెట్టుచున్నాడని మనమందుము గాని, సగము పెట్టినది నాగలియే.

ఇక మిగిలినది మౌఢ్యము, అధికమాసము. గురుశుక్రులు సూర్యునికి చేరువయై కంటికి గనబడకపోవు దినములను మూఢమని విడుతురు. ముప్పదిరెండు ముప్పదిమూడు నెలల కొకసారి అధికమాసము వచ్చును. ఇవి రెండును తగిలిన యేట శుభదినములు పట్టుమని పది మిగులవు. ఆ పదింటిమీదనే ఊరంతయు పడును. కడియపులంక పూలసంతలోను, హైదరాబాదులోని గుడిమల్కాపూరు సంతలోను ఆ దినములందు బంతిపూలకు వచ్చు ధర, ముహూర్తము లేని మఱుసటివారమునకు నిలువదు. ఋతుశోభ యని మనకు విలువకట్టి చూపు పట్టికలో ఈ గిరాకి యెంత యున్నదో గృహిణులు ముందుగా విచారించుకొనుట మేలు.

ఋతువు నిజముగా ఇచ్చు శోభ యేమి? ఇందు మన పెద్దలు ఏమాత్రమును తక్కువవారు కారు. కార్తిక మార్గశీర్షములలో బంతి, చేమంతి. మాఘమున మామిడి పూతపట్టియుండును. పచ్చని యాకు తోరణము ద్వారమునకు ఎక్కును. చైత్రము తిరుగుసరికి మల్లెమొగ్గలు. ఆ మొగ్గలతోనే పెండ్లికూతునకు పూలజడ. వైశాఖ జ్యేష్ఠముల పెండ్లిలో మామిడికాయ పప్పు, మామిడికాయ పులిహోర, తాటిముంజలు, పానకము, మజ్జిగ. వచ్చినవారి చేతికి తాటాకు విసనకఱ్ఱ. శ్రావణమున వాన కురియును గనుక పందిరి కురుచయగును. మొగలిరేకు జడలోనికి వచ్చును. పందిరికి తాటాకో కొబ్బరాకో, గుంజలకు అరటిచెట్లు. ఇందులో కొనవలసినది బహుస్వల్పము. ఇంటివారును, ఇరుగుపొరుగువారును తమ చేతులతో కోసి, కుట్టి, కట్టినవే. అన్నిటికంటె విశేషమేమనగా, వివాహమునకు ముఖ్యమైన వస్త్రము పట్టు కాదు. మధుపర్కములనెడి తెల్లని నూలుబట్ట, దాని యంచునకు పసుపు. వేలకొలది రూపాయల పట్టుచీర కట్టి కూర్చున్న పెండ్లికూతురు సైతము సూత్రధారణవేళకు ఆ నూలుబట్టకే రావలసియున్నది.

అరుంధతి మాటయు ఇక్కడనే చెప్పవలెను. కార్తిక మార్గశీర్షములలో సాయంకాలమునకు సప్తర్షిమండలము అస్తమించి యుండును. వైశాఖములో చీకటిపడగనే ఉత్తరాకాశమున అది నిలువుగా కనబడును. వసిష్ఠుని ప్రక్కన సన్నని చుక్కగా అరుంధతియు కనబడును. పట్టపగలు మిట్టమధ్యాహ్నము పురోహితుడు వ్రేలు చూపగా, వరుడు కనబడినదని యబద్ధమాడి సంసారమున ప్రవేశించుట మనము నిత్యము చూచుచున్నదే. ఋతువునుబట్టి వేళ నిర్ణయించుకొన్నవారి కీ యబద్ధము అక్కఱలేదు.

అట్లయిన మన కుటుంబములను ముంచిన వ్యయము ఎక్కడనుండి వచ్చినది? పూవులనుండి కాదు. అయిదుదినముల వివాహము, సదస్యము, నాకబలి, పూటపూటకు విస్తళ్లు, వియ్యాలవారి అలుకలు, పల్లకి, కాగడాలు, బాణసంచా, భోగముమేళము. వీనికన్న మించి వధువునకో వరునకో కట్టిన వెల. ఈ వెలనుగూర్చి మన వారు పడిన లజ్జ నేటిది కాదు. విజయనగరమును రెండవ దేవరాయలు ఏలుచుండగా, 1425 ప్రాంతమున, పడైవీటి రాజ్యమునందలి బ్రాహ్మణులు, కన్నడులు, తమిళులు, తెలుగువారు, లాటులు ఏకమై, ఇకమీదట కన్యను దానముగానే యిత్తుమనియు, బంగారము తీసికొన్నవాడును ఇచ్చినవాడును రాజదండనకు పాత్రులై కులమునకు వెలియగుదురనియు నొడంబడిక వ్రాసికొనిరి. ఆ శాసనము నేటి వేలూరు జిల్లాలోని విరించిపురపు దేవాలయమున నున్నది. సంస్కరణము దొరలు తెచ్చిన వింతయని యనువారు ఆ ఱాతిని చదువవలెను. చదివిన పిమ్మట, ఆ ఱాయి తన పని చేయలేదని గూడ నొప్పుకొనవలెను: 1897లో అచ్చయిన కన్యాశుల్క నాటకపు పీఠికలో గురజాడ అప్పారావుగారు, విజయనగర మహారాజుగారు విశాఖపట్టణమండలమున వ్రాయించిన పట్టికలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములు 1034 అని చెప్పిరి. అందు ఒక్కయేటి శిశువులును గలరు.

భోగముమేళములను వివాహములనుండి తొలగించుటకు వీరేశలింగము పంతులుగారును, రఘుపతి వెంకటరత్నము నాయుడుగారును చేసిన పోరు చదువరులకు తెలిసినదే. చెన్నపట్టణపు సంస్కారసభవారు 1893లో గవర్నరునకును రాజప్రతినిధికిని ఇట్టి మేళములు గల విందులకు పోవలదని మనవి చేసికొనిరి. దొరతనమువారు దానిని అంగీకరింపలేదు. ఆ పోరు న్యాయమైనదే. అయినను మేళము మానిపించిన మనవారు, దానిచే బ్రదుకు స్త్రీలకు వేఱు జీవనము చూపుటలో అంత తొందరపడలేదని వ్రాయకున్న చరిత్ర సగమే యగును.

పెండ్లిఋతువునుగూర్చి రెండు తేదులు మాకు మఱపురానివి. మొదటిది 1881 డిసెంబరు 11. ఆనాడు రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. అది దక్షిణాయనము, ముహూర్తగ్రంథముల ప్రకారము మధ్యమకాలము. పరిచారకులు లేక, చుట్టములు రాక, విద్యార్థులు కాపుండగా, పోలీసువారు నిలువగా జరిగిన యా పెండ్లికి ఋతుశోభ యేమి సమకూడెనో మాకు తెలియరాదు గాని, తెలుగుదేశమున అంతకంటె ప్రసిద్ధికెక్కిన పెండ్లి వేఱొకటి లేదు.

రెండవది 1930 ఏప్రిలు 1. బాల్యవివాహనిషేధమునకై హరవిలాస శారదాగారు తెచ్చిన శాసనము 1929లో నెగ్గి, అమలునకు వచ్చిన దినమది. కన్యకు పదునాలుగేండ్లు, వరునికి పదునెనిమిదేండ్లు నిండవలెనని దాని విధి. ఆ యేడు ఉగాది మార్చి మాసాంతమునకే వచ్చినది. అనగా శాసనము నెగ్గుటకును అమలగుటకును నడుమ శుక్లసంవత్సరపు మాఘఫాల్గుణములు సంపూర్ణముగా దొరకినవి! శాసనమునకు అందకుండ పసిపిల్లలకు పుస్తెలు కట్టించు తొందర దేశమంతట పుట్టినది. 1931 జనాభాలెక్కలలో బాల్యమున వివాహితలైనవారి సంఖ్య అంతకు పూర్వముకంటె పెరిగి కనబడుట ఆ తొందర గుర్తే. కళ్లమునుబట్టి ఏర్పడిన ఋతువు ఆ యేడు శాసనమును తప్పించుకొనుటకు పనికివచ్చినది.

ఆ ఋతువు గడచిన పిమ్మట యానామున్నది. గోదావరి యొడ్డుననున్న యా చిన్నపట్టణము ఫ్రెంచివారి క్రిందిది గనుక శారదాశాసనము అచ్చట చెల్లదు. గోదావరీమండలమునుండి పసివధువులను అచ్చటికి గొనిపోయి పెండ్లిండ్లు చేసిరి. జనులు ఆ పట్టణమునకు కల్యాణపురమని పేరు పెట్టిరి. ఆ పేరు వినుటకెంత యింపుగా నున్నది! 1954లో యానాము ఫ్రెంచివారి చేతినుండి వచ్చువఱకును హద్దు హద్దుగానే నిలిచినది. నేడు దూరదేశములలో, సముద్రతీరములలో చేయు విలాసపు పెండ్లిండ్లను చూచి ఇది క్రొత్త నాగరికత యని మనవారు మురియుచున్నారు. పెండ్లికై ఊరు దాటుట మనకు క్రొత్త కాదు. దాటిన హేతువును మాత్రము తలంచుకొనుటకు సిగ్గుపడుదుము.

అయిదుదినములు ఒక్కదినమైనది. అది మా వ్యాసములవలననే యైనదని చెప్పుకొనుటకు మాకు మనసొప్పదు. రైలుబండియు, కచేరీవారి సెలవులును మాకంటె బలముగా పనిచేసినవి. వరకట్ననిషేధమునకు 1961లో శాసనము వచ్చినది. కట్నము పేరు మార్చుకొని నడచుచునేయున్నది. ఒక్కదినమునకు తగ్గిన వివాహము మరల సంగీత్ యనియు, మెహందీ యనియు, రిసెప్షను అనియు మూడు నాలుగు దినములకు పెరుగుచున్నది. క్రిందటి వేసవిలో మేము పోయిన యొక కల్యాణమండపమున వాకిట మామిడితోరణము ప్లాస్టికుది. వెలుపలి గోడకు ఆనుకొని నిజమైన మామిడిచెట్టు కాయలతో వంగియున్నది. లోపల కృత్రిమశీతలము చాలక ముసలివారు ఆ చెట్టునీడకు వచ్చి కూర్చుండిరి. 2020 సంవత్సరపు వైశాఖ జ్యేష్ఠములలో, మహమ్మారి కారణమున యాబదిమందికి మించరాదని ప్రభుత్వము విధింపగా, పెరటిలో జరిగిన పెండ్లిండ్లను గూడ మేము ఎఱుగుదుము. అందు కట్టిన పుస్తెలు ఊడలేదు.

పై గృహిణికి మేము వ్రాసిన ప్రత్యుత్తరము సంగ్రహముగా నిది. పిల్ల కోరిన వేడుక తప్పు కాదు. అలంకారమును చూచి మొగము ముడుచుకొనుట సంస్కారము కాదు, ఆ మాట మా తోడివారికిని చెప్పదలచితిమి. ముహూర్తము సాయంకాలమునకు అడుగుడు, అరుంధతి కనబడును. మల్లెమొగ్గలు ఆ మధ్యాహ్నమే తెప్పించి ఇంటనే జడ కుట్టుడు. పానకము, మజ్జిగ కావిళ్లతో పెట్టించుడు. చదువు సొమ్ము ముట్టవలదు. వరుని తలిదండ్రులు ఏమందురో యను భయమున్న, ఆ పట్టికను వారికే చూపి, ఇందులో ఏది మీ కోడలి చదువుకంటె ఎక్కువయో గుర్తుపెట్టి పంపుడని యడుగుడు.

ఆమె వారమునకు మరల వ్రాసినది. వియ్యాలవారు పట్టికను గుర్తులేవియు పెట్టకయే త్రిప్పి పంపిరట. పిల్ల పూలజడకు సమ్మతించినదట గాని, అద్దాల మండపమును ఇంకను విడువలేదట. ఆమె కిప్పుడున్న చింత తాటాకు పందిరినిగూర్చి: దానిని వేయనేర్చిన పనివారు తమ యూర ఇద్దఱే మిగిలిరనియు, వైశాఖమునకు వారిని మాఘముననే మాటాడి బయానా ఇచ్చి యుంచవలయుననియు వ్రాసినది.