కలపుపాళీ చీలిక: రాజమహేంద్రవరపు స్వదేశి కలముల చరిత్రమున నొక యధ్యాయము

ఆంధ్రవాఙ్మయ చరిత్రములు వ్రాసినవారు కవులను గూర్చియు, వారిని పోషించిన ప్రభువులను గూర్చియు, తాళపత్ర ప్రతుల పాఠభేదములను గూర్చియు విస్తరించి వ్రాసియున్నారు. ఆ వ్రాత యే పనిముట్టుతో సాగెనో, ఆ పనిముట్టును చేయుటకు మఱియే పనిముట్టు కావలసివచ్చెనో విచారించినవారు తక్కువ. రాజమహేంద్రవరమున 1932వ సంవత్సరమున కోసూరి వేంకటరత్నముగారు స్వదేశి ఫౌంటెన్ పెన్నుల కర్మశాలను స్థాపించుటయు, 1935వ సంవత్సరము జూలై 16వ తేదీన గాంధీమహాత్ముడు ఆ కలమును మెచ్చి వారికి లేఖ వ్రాయుటయు లోకవిదితములే. లేఖనుగూర్చి యందఱును చెప్పుదురు. ఆ కలము సిరాను కాగితముమీదికి ఎట్లు దింపగలిగెనో, అందులకు వెండ్రుకవాటి సన్నని కోత యేల యవసరమో చెప్పరు. నా యభిప్రాయమున ఆ కలపు చరిత్రములో ముఖ్యమైన ఘట్ట మదియే.

గంటమునకు చీలిక లేదు. తాటాకుపై గీయుటయే దాని పని. మసి తరువాత పూయబడును. ఆకునకు నిలువున ఈనెలు గలవు. ఆ ఈనెల వెంబడి మొన సూటిగా సాగినచో ఆకు చీలును. మన యక్షరములు గుండ్రనగుటకు ఇదియే హేతువని పలువురు చెప్పుదురు. శిలాశాసనములందు సైతము గుండ్రదనము కానవచ్చుచుండగా ఈ మాటను పూర్తిగా నంగీకరింప నలవిగాదు గాని, తాటాకు లేఖకుడు చీలికకు వెఱచెననుట నిజము. ఱెల్లు కలము, వెదురు కలము వాడుకకు వచ్చినతోడనే ఈ స్థితి తలక్రిందులయ్యెను. ఏ చీలికకు గంటము పట్టినవాడు వెఱచెనో, దానినే కలము చెక్కువాడు కోరి తెచ్చుకొనవలసివచ్చెను. కత్తియంచును మొనపై నుంచి యొత్తినచో ఱెల్లు తన నార వెంబడి తానే చీలును. పదార్థ మిసుమంతయు పోదు. రెండు రేకులును మరల నొకదాని నొకటి తాకియే యుండును.

లోహమున కట్టి నార లేదు. కత్తికి అది చీలదు, కోయవలెను. ఇంగ్లాండులోని బర్మింగుహామునందు 19వ శతాబ్దిలో ఉక్కుపాళీలు చేసినవారు, రెండు పదునైన యుక్కుటంచుల నడుమ పాళీని పెట్టి, కత్తెరతో కత్తిరించినట్లు ఒక్క యొత్తున చీల్చిరి. సిరాబుడ్డిలో ముంచి వ్రాయు చవుక పాళీకి అది చాలును. ఫౌంటెన్ పెన్ను బంగారుపాళీ సంగతి వేఱు. బంగారము మెత్తనిది గనుక కాగితముపై నరిగిపోకుండ దాని మొనకు ఇరిడియము జాతి లోహపు చిన్న పూసను అతుకుదురు. ఆ పూస కత్తెరకు లొంగదు. ఉక్కుఱంపపు పండ్లకును లొంగదు, పండ్లే యరిగిపోవును. అందుచేత కురువిందపు పొడి పట్టించిన రాగిచక్రమును, తరువాతి కాలమున ఒరపిడిపొడిని రబ్బరుతో కూర్చిన పలుచని చక్రమును వేగముగా త్రిప్పి ఆ చీలికను కోయు పద్ధతి యేర్పడెను.

ఇచ్చట ఱంపమును గూర్చి కొంత చెప్పక తప్పదు. గోదావరిపై తెప్పలుగా దిగివచ్చిన టేకుదూలములను కోయువారి ఱంపమున పండ్లు ఒకటి కుడికి, ఒకటి యెడమకు వంగియుండును. కోత ఱేకుకంటె వెడల్పైనగాని ఱంపము దూలములో బిగిసికొనును. దూలమున నాలుగు నూలుల మేర పొట్టుగా పోయినను అడుగువాడు లేడు. పాళీయందు అట్లు చెల్లదు. మొన వెడల్పు 0.8 మిల్లీమీటరు లనుకొందము. 0.2 మి.మీ. చక్రముతో కోసినచో నాలుగవవంతు పొడియై పోయి, ఒక్కొక్క రేకునకు 0.3 మి.మీ. మిగులును. 0.1 మి.మీ. చక్రమైనచో 0.35 మిగులును. కావున చక్రము కాగితమంత పలుచన గావలెను, పండ్లకు వంపు ఉండరాదు, అయినను వణకరాదు. పలుచని దెట్లు వణకకుండును? చక్రమును చిన్నదిగా చేసి, ఇరుప్రక్కల గట్టి బిళ్లలతో అంచు దనుక బిగించి, కోతకు కావలసిన కొలది మాత్రమే వెలికి విడుతురు. మొదట పాళీ నడుమ చిన్న రంధ్రము తొలిచి, మొననుండి ఆ రంధ్రము వఱకు కోయుదురు. చేయి తొందరపడినచో చక్రము ప్రక్కకు తొలగును. ఆ పాళీ కరగించుటకే పనికివచ్చును.

ఇంత సన్నపుకోత యేలయన, సిరాను నడుపునది కేశనాళికా ధర్మము. జేమ్సు జ్యూరిన్ 1718లో దీనిని నిరూపించెను: సందు ఎంత యిఱుకో ద్రవ మంత యెక్కును. రెండు సమతల ఫలకముల నడుమ 0.2 మి.మీ. యెడమున్నచో శుద్ధజలము సుమారు 7 సెంటీమీటర్లు ఎగబ్రాకును, 0.1 మి.మీ. యున్నచో సుమారు 14. ద్రవము వెడల్పు చోటినుండి యిఱుకుచోటికి నడచును గాని మరలి రాదు. కావున చీలిక రంధ్రమువద్ద కొంచెము వెడల్పై, మొనవద్ద మూసికొనినట్లుండవలెను. చక్రము కోసిన చీలిక ఆసాంతము నొక్కటే వెడల్పు. దానిని మొనవద్ద దగ్గఱ చేయుట చేతిపని; వ్రేళ్లతో నొత్తి, వెలుతురునకు పట్టి చూచి, మరల నొత్తవలెను. మిక్కిలి బిగించినచో సిరా దిగదు. మొన విచ్చియున్నచో సిరా మధ్యలోనే యాగిపోవును. ఈ నేర్పు కంసాలి విద్యకు సోదరి.

పాళీక్రింద నుండు నాలుక మఱియొక కథ. అమెరికాలో లూయీ ఎడ్సన్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన నాలుకయందు, సిరా దిగు గాడియడుగున సన్నని నెఱియలు కోయబడియుండెను. గాలి లోనికిని సిరా వెలికిని ఒక్క దారినే తగవులేక నడచుట యా నెఱియల మహిమయే. నాలుక ఎబొనైటుతో, అనగా గంధకముతో కాచి గట్టిపఱచిన రబ్బరుతో చేయబడును. దీనికి పండ్లుగల పలుచని యుక్కుచక్రము చాలును. అయితే వేగము మించినచో ఎబొనైటు వేడెక్కి మెత్తబడి పండ్లసందుల నంటుకొనును. గంధకపు కంపు గది యంతయు నిండును.

ఇక స్వదేశి పరీక్షకు వత్తము. గుండుసూది మొదలు కలము వఱకు జనులకు పనికివచ్చున దేదైన చేయుమని గాంధీజీ రత్నముగారికి చెప్పెననియు, మొదట పంపిన కలములో విదేశపు భాగ ముండుటచే అది యంగీకరింపబడలేదనియు, పిమ్మట సమస్తము నిచ్చటనే చేసి పంపిరనియు ప్రతీతి. కలము గాంధీజీకి చేరినది అఖిల భారత గ్రామోద్యోగ సంఘపు కుమారప్పగారి మూలముననే. ఆ సంఘము 1934 డిసెంబరులో నేర్పడెను. ఆ కాలమున గాంధీజీ ఱెల్లుకలమునే ప్రశంసించుచుండిన సంగతి మఱువరాదు. చీలికను కత్తితో సాధించు పల్లెకలమును మెచ్చినవాడు, చక్రముతో సాధింపవలసిన కలమును సైతము మెచ్చుట సామాన్యవిషయము గాదు.

చక్రమే విదేశపుదైనచో కలము స్వదేశి యెట్లగునని యొకరు శంకింపవచ్చును. ఈ శంకకు అంతము లేదు. చక్రముతరువాత తరిమెన, తరిమెనతరువాత దాని యుక్కు, ఉక్కుతరువాత కొలిమి అడుగబడును. నగను కొనువాడు కంసాలి యాకురాయి యే దేశపుదని యడుగడు. ఎచ్చట కోయవలెనో, ఎంత యొత్తవలెనో యెఱిగిన చేయి ఈ యూరిది. నా దృష్టిలో పరీక్షకు అదియే గీటురాయి.

తరువాతి చరిత్రము క్లుప్తము. బాల్ పెన్ను వచ్చినది. దాని మొనయందు చీలికయే లేదు. గూటిలో దొరలు చిన్న గోళి కలదు. పాఠశాలలనుండి పాళీకలము తొలగెను. రాజమహేంద్రవరమున ఎబొనైటు కలములను తరిమెనపై చేతితో తీర్చు పని మాత్రము నిలిచినది. నేడు దేశదేశముల సేకర్తలు వానిని కోరుచున్నారు. అయితే ఎబొనైటు కలములు చేయు భారతీయ కర్మశాలలు పెక్కు జర్మనీ పాళీలను తెప్పించి తొడుగుచున్నవి. పీపా ఇచ్చటిది, చీలిక అచ్చటిది.

తాళపత్రములను సేకరించు పరిషత్తులు ఈ పనిముట్లను సైతము సేకరింపవలెను. ముందుగా అడుగవలసినది చెడిన పాళీలను. మంచి పాళీయందు కోత కంటికి కానరాదు. తప్పిపోయిన దానియందు చక్ర మెచ్చట తొలగెనో, వెడల్పెంతయో, మొనను దగ్గఱచేయ నెన్నిమాఱు లొత్తిరో భూతద్దముతో చదువవచ్చును. అవి కరగింపబడకమున్నే వెదకవలెను.