దేవుడా, దయ్యమా?



రాయగడ ప్రాంతపు బళ్లలో పాఠాలు చెప్పేవారికి ఈ సంగతి కొత్త కాదు. కువి మాట్లాడే కోదు పిల్లవాడు దేవుణ్ణి ‘పేను’ అంటాడు. పక్కనున్న తెలుగు పిల్లలు తల గోక్కుంటూ నవ్వుతారు. మా తరగతిలోనూ ఒకసారి అలాగే జరిగింది. నవ్వినవారిలో నేనూ ఉన్నాను. ఆ పిల్లవాడు తర్వాత చాలా రోజులు నోరు విప్పలేదు.

ఆ మాట విలువ తెలిసిన పండితుడొకరున్నారు. ఆయన పేరు థామస్ బరో. 1944 నుంచి 1976 వరకు ఆక్స్‌ఫర్డులో సంస్కృతాచార్యులు. సుధీభూషణ్ భట్టాచార్యతో కలిసి మన కొండల భాషలను పరిశీలించారు. కోరాపుట్ ఈశాన్య భాగంలోని కుట్టియా కోదుల భాషపై వారి వ్యాసం 1961లో ‘ఇండో ఇరానియన్ జర్నల్’లో వచ్చింది. వేదం గురించీ, అవెస్తా గురించీ వాదించుకునే పత్రికలో మన కోదుల మాటలు! చూశారా!

అవెస్తా అంటే ప్రాచీన ఇరానులో జరథుష్ట్రుని మతగ్రంథం. మన ‘స’ అక్కడ తరచు ‘హ’ అవుతుంది. సోమం హఓమ, అసుర అహుర. ఋగ్వేదంలో వరుణుణ్ణి కూడా గౌరవంగా ‘అసుర’ అన్నారు. ఇరానులో అహుర మజ్దాయే పరమేశ్వరుడు. మరి ‘దేవ’? అక్కడది ‘దఏవ’, అంటే దుష్టశక్తి. మన ఇంద్రుడి పేరూ ఆ దుష్టుల్లోనే ఉంది. నేటి పారశీకంలోనూ ‘దీవ్’ అంటే భూతమే.

ఇలా ఎందుకు తలకిందులైంది? జరథుష్ట్రుడి సంస్కరణ వల్లనని చాలామంది అంటారు. బరో 1973లో ఇంకో మాట చెప్పారు. ఇరానీయులకంటే ముందే అక్కడ మన వేదభాషకు దగ్గరి భాష మాట్లాడేవారు ఉండేవారనీ, ఈ దఏవలు వారి దేవుళ్లేననీ. పొరుగువాడి దేవుడు మనకు దయ్యమయ్యాడన్నమాట. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. నాకు మాత్రం నమ్మదగినట్టే తోస్తుంది.

ఇప్పుడు మన ‘పేను’ దగ్గరికి వద్దాం. బరో, ఎమెనో కలిసి 1961లో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వెలువరించారు. కువి ‘పేను’, గోండీ ‘పేన్’ దేవుడు. తమిళ ‘పేయ్’ దయ్యం. మూడూ అందులో ఒకే పద్దు కింద ఉన్నాయి! మన తలలోని పేనుది వేరే పద్దు. అలాగని ఇరానుకూ మన కొండలకూ చుట్టరికం కలపకండి. పోలిక మాటల నడకలోనే.

కొండదేవుడి సంగతి మన జిల్లాలో కోర్టు దాకా వెళ్లింది కూడా. నియమగిరిలో గనుల విషయం తేల్చేటప్పుడు డొంగ్రియా కోదుల దైవారాధన హక్కునూ గ్రామసభలే విచారించాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు సభలూ గనులు వద్దన్నాయి.

ఇప్పుడు మా తరగతిలో ఆ మాట వస్తే నల్లబల్ల మీద ఒక పక్క ‘దేవ – దఏవ’ అనీ, ఇంకో పక్క ‘పేను – పేయ్’ అనీ రాస్తాను. తల గోక్కునేవాళ్లు ఇంకా ఒకరిద్దరుంటారు.